హైడ్రాలిక్ యంత్రాల తనిఖీ, నిర్వహణ: వాడుక పదాలు – సాంకేతిక భావనలు

వ్యాససంగ్రహం:

ఎక్స్‌కవేటర్, బ్యాక్‌హో లోడర్, టిప్పర్, ట్రాక్టర్, బోరు బండి, వరికోత యంత్రం - ఇవన్నీ ద్రవపీడనంతో పనిచేసేవే. వీటిని తనిఖీ చేసి మరమ్మతు చేసే పనివారు తెలుగులోనే మాట్లాడుకుంటారు. తయారీదారుల చేతిపుస్తకాలు మాత్రం చాలావరకు ఇంగ్లీషులో ఉంటాయి. ఈ రెండింటి నడుమ ‘ప్రెషర్’, ‘ఆయిల్’, ‘లీకు’, ‘ఎయిర్’ వంటి కొన్ని పదాలు ఒక్కొక్కటి రెండు మూడు భిన్న భావనలను మోస్తున్నాయి. ఆ పదాల ఆధారంగా హైడ్రాలిక్ వ్యవస్థల తనిఖీ పద్ధతులను వివరించడం, భావన స్పష్టంగా లేనిచోట యంత్రానికీ మనిషికీ కలిగే ప్రమాదాన్ని చూపడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: హైడ్రాలిక్ వ్యవస్థ, పీడనం, ప్రవాహం, స్నిగ్ధత, వృత్తిపదజాలం, భద్రత, నిర్వహణ.

1. ఉపోద్ఘాతం:

తెలుగులో వృత్తిపదాల సేకరణకు గట్టి పునాది ఉంది. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి 1962లో వ్యవసాయ వృత్తిపదకోశాన్ని, 1971లో చేనేత పదకోశాన్ని వెలువరించింది. నాగలి, మగ్గం భాగాలకు ఊరూరా ఉన్న పేర్లు ఆ విధంగా భద్రపడ్డాయి. నాగలి స్థానంలోకి ట్రాక్టరూ, పలుగు పారల స్థానంలోకి ఎక్స్‌కవేటరూ వచ్చాక పుట్టిన పదజాలానికి మాత్రం అంతటి శ్రద్ధ దక్కలేదు.

ఈ పదజాలం పుట్టిన తీరు ఆసక్తికరమైనది. ‘ప్రొక్లెయిన్’ అని తెలుగు పత్రికలు రాసే మాటకు మూలం ‘పొక్లెయిన్’ అనే ఫ్రెంచి సంస్థ పేరు. జోసెఫ్ సిరిల్ బామ్‌ఫోర్డ్ అనే బ్రిటిష్ పారిశ్రామికవేత్త 1945లో స్థాపించిన సంస్థ పొడి అక్షరాలే ‘జేసీబీ’. నేడు ఏ సంస్థ తయారుచేసిన బ్యాక్‌హో లోడరైనా జనవ్యవహారంలో జేసీబీయే. ‘జాకీ’ అనే మాట కారు చక్రం మార్చేటప్పుడు వాడే చిన్న పరికరం నుంచి టిప్పర్ తొట్టిని ఎత్తే పెద్ద సిలిండరు వరకు వ్యాపించింది. సంస్థ పేరు వస్తువు పేరుగా మారడం వల్ల ఎవరికీ నష్టం లేదు. ద్రవం పేరో, లోపం పేరో గందరగోళమైతే మాత్రం ఫలితం వేరుగా ఉంటుంది.

2. ‘ప్రెషర్ లేదు’ - ప్రవాహం, పీడనం:

మూసిన పాత్రలోని ద్రవంపై ఒకచోట కలిగించిన పీడనం అన్ని దిశలకూ సమానంగా ప్రసరిస్తుందన్న పాస్కల్ సూత్రాన్ని పాఠశాల విద్యార్థులందరూ చదువుతారు. పాస్కల్ 17వ శతాబ్దపు ఫ్రెంచి శాస్త్రవేత్త. ఆ సూత్రంపై ఆధారపడిన ప్రెస్సుకు జోసెఫ్ బ్రామా ఇంగ్లండులో 1795లో పేటెంటు పొందాడు. చిన్న ముషలకం వైశాల్యం 1 చదరపు సెంటీమీటరు, పెద్ద ముషలకం వైశాల్యం 50 చదరపు సెంటీమీటర్లు అనుకుంటే, చిన్నదానిపై 20 కిలోల బలం పెట్టినప్పుడు పెద్దది 1000 కిలోల బరువును ఎత్తుతుంది. అయితే పెద్దది ఒక సెంటీమీటరు లేవాలంటే చిన్నది 50 సెంటీమీటర్లు కదలాలి. బలంలో వచ్చిన లాభం దూరంలో చెల్లిపోతుంది.

పాఠ్యపుస్తకం సాధారణంగా ఇక్కడ ఆగిపోతుంది. మరమ్మతుదారుకు అవసరమైన విషయం దీని తరువాతిది. యంత్రంలోని పంపు పీడనాన్ని పుట్టించదు. అది ప్రవాహాన్ని మాత్రమే ఇస్తుంది. ఆ ప్రవాహానికి బరువు రూపంలోనో, మూసుకున్న దారి రూపంలోనో అడ్డు తగిలినప్పుడే పీడనం ఏర్పడుతుంది. ఖాళీ బకెట్‌ను ఎత్తేటప్పుడు గేజిలో సూది కొద్దిగానే కదులుతుంది. నిండు బకెట్‌ను ఎత్తేటప్పుడు అదే పంపు, అదే వేగంలో ఎక్కువ పీడనం చూపుతుంది. ప్రవాహం వేగాన్ని నిర్ణయిస్తే, పీడనం బలాన్ని నిర్ణయిస్తుంది.

వాడుకలో ఈ రెండు భావనలకూ ‘ప్రెషర్’ అన్న ఒక్క మాటే దిక్కు. పని మందగించినా, బరువు లేవకపోయినా ‘ప్రెషర్ లేదు’ అనే అంటారు. బూమ్ నెమ్మదిగా లేస్తున్నా నిండు బరువును ఎత్తగలుగుతున్నదంటే లోపం ప్రవాహంలో ఉంది. అరిగిన పంపు, పూడుకుపోయిన సక్షన్ జల్లెడ, తగ్గిన ఇంజిను వేగం వంటి కారణాలను వెతకాలి. ఖాళీగా ఉన్నప్పుడు చురుకుగా కదిలి, బరువు పడగానే ఆగిపోతే పీడనం నిలవడం లేదని అర్థం. అప్పుడు రిలీఫ్ వాల్వునూ, అంతర్గత లీకులనూ అనుమానించాలి. పంపు బాగా అరిగినప్పుడు రెండు లక్షణాలూ కలిసి కనిపించవచ్చు. కనుక ఈ విభజన అన్వేషణకు తొలి మెట్టు మాత్రమే.

ఈ తేడా తెలియనప్పుడు జరిగే పొరపాటు ఒకటుంది. పని మందగించగానే రిలీఫ్ వాల్వు మరను బిగించి ‘ప్రెషర్ పెంచడం’ కొన్నిచోట్ల అలవాటు. లోపం ప్రవాహానిదైతే దానివల్ల వేగం పెరగదు. పైగా రిలీఫ్ వాల్వు వ్యవస్థకు రక్షణ కవచం వంటిది. పీడనం హద్దు దాటినప్పుడు నూనెను ట్యాంకుకు మళ్లించి గొట్టాలనూ, సిలిండర్లనూ, యంత్రం చట్రాన్నీ కాపాడేది అదే. ఎక్స్‌కవేటర్లలో ప్రధాన పీడనం 350 బార్ల వరకు, అంటే చదరపు సెంటీమీటరుకు సుమారు 350 కిలోల వరకు ఉంటుంది. కారు టైరులో ఉండే గాలి పీడనం రెండు బార్ల చిల్లర. గేజి పెట్టకుండా ఆ మరను ముట్టుకోవడం ఏ చేతిపుస్తకమూ అంగీకరించని పని.

3. ఒకే ‘ఆయిల్’, వేర్వేరు ద్రవాలు:

ఇంజన్ ఆయిల్, గేర్ ఆయిల్, హైడ్రాలిక్ ఆయిల్, బ్రేక్ ఆయిల్. వరుసగా చదివినప్పుడు ఇవన్నీ ఒక కుటుంబానికి చెందినవన్న భావన కలుగుతుంది. కాని కార్లలో, జీపుల్లో, చిన్న సరకు వాహనాల్లో వాడే ‘బ్రేక్ ఆయిల్’ అసలు నూనె కాదు. అది గ్లైకాల్ ఈథర్ల మిశ్రమం. నీటిలో కలుస్తుంది, గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ఆ బ్రేకుల్లోని రబ్బరు సీళ్లు ఈ ద్రవానికి తగినట్లు తయారైనవి. ఖనిజ తైలం తగిలితే అవి ఉబ్బిపోయి బిగుసుకుంటాయి. నూనె అన్న పేరును నమ్మి మరొక నూనెను పోసినవారికి తొలిరోజు తేడా తెలియకపోవచ్చు. సీళ్లు ఉబ్బిన తరువాత బ్రేకు పట్టేసి వదలకపోవడం, ఆపై పూర్తిగా విఫలం కావడం జరుగుతాయి.

దీనికి సరిగ్గా వ్యతిరేకమైన ప్రమాదమూ ఉంది. కొన్ని బ్యాక్‌హో లోడర్లలో బ్రేకు వ్యవస్థ పలుచని ఖనిజ తైలంతోనే పనిచేసేలా తయారవుతుంది. అందులో దుకాణంలో దొరికే మామూలు ‘బ్రేక్ ఆయిల్’ పోస్తే అక్కడి సీళ్లు పాడవుతాయి. ఒకే పేరు ఒక వాహనంలో సరైన ద్రవాన్నీ, పక్క వాహనంలో సీళ్లను చెరిపే ద్రవాన్నీ సూచిస్తున్నదన్నమాట. తెలుగు వివరణల్లోనైనా దీనిని ‘బ్రేకు ద్రవం’ అనడం భావన రీత్యా మెరుగు.

తేమ విషయం మరికొంత వివరణ కోరుతుంది. డాట్ 4 తరగతి ద్రవం తాజాగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ వరకు మరగకూడదు. సుమారు 3.7 శాతం నీరు చేరిన స్థితిలో ఆ హద్దు 155 డిగ్రీలకు పడిపోతుంది. డాట్ 3కు ఈ అంకెలు 205, 140. ఘాట్ రోడ్డులో దిగేటప్పుడు ఎడతెగక బ్రేకు వేయడం వల్ల చక్రాల దగ్గర వేడి పెరిగి, తేమ చేరిన ద్రవం మరుగుతుంది. ద్రవం నొక్కుకుపోదు గాని ఆవిరి నొక్కుకుపోతుంది. పెడల్ నేల వరకు దిగినా బ్రేకు పట్టదు. రిజర్వాయరులో మట్టం సరిగ్గా ఉంది కనుక బ్రేకు బాగుందనే నిర్ధారణ ఇక్కడ చెల్లదు. అందుకే చాలామంది తయారీదారులు మట్టంతో సంబంధం లేకుండా సుమారు రెండేళ్లకొకసారి ఈ ద్రవాన్ని మార్చమంటారు. పెద్ద లారీల్లో సాధారణంగా ఉండేవి గాలి బ్రేకులు కనుక ఈ చర్చ వాటికి వర్తించదు.

హైడ్రాలిక్ నూనెలలోనూ తరగతులున్నాయి. ‘వీజీ 46’ అన్నప్పుడు 46 అనే అంకె 40 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఆ నూనె స్నిగ్ధతను సెంటీస్టోకులలో చెబుతుంది. అంకె పెరిగిన కొద్దీ నూనె చిక్కన. ‘ఎండాకాలం కాబట్టి చిక్కటిది పోద్దాం’ అన్న తీర్మానం యంత్రం చేతిపుస్తకంలోని ఉష్ణోగ్రతల పట్టికను చూసి చేయవలసినదే గాని ఊహతో చేయవలసినది కాదు. అతి చిక్కని నూనెను పంపు తగినంతగా లాగుకోలేదు. అతి పలుచని నూనె లోహాల మధ్య పొరగా నిలవదు.

ట్రాక్టరు విషయంలో మరొక చిక్కు ఉంది. చాలా ట్రాక్టర్లలో గేరుపెట్టెకూ, హైడ్రాలిక్ లిఫ్టుకూ, నూనెలో మునిగి ఉండే బ్రేకులకూ ఒకే ద్రవం. ఎత్తి దింపే ట్రాలీని ట్రాక్టరు హైడ్రాలిక్ గొట్టానికి తగిలించినప్పుడు ట్రాలీ సిలిండరులోని నూనె ట్రాక్టరులోకి చేరుతుంది. ఒకే ట్రాలీని నలుగురు రైతులు అద్దెకు తిప్పుకుంటే, నాలుగు ట్రాక్టర్ల నూనెలూ, వాటిలోని మట్టీ, నీరూ ఒకదానిలోకి ఒకటి పాకుతాయి. గొట్టం కొసను తుడవకుండా తగిలించడం ఈ బదిలీని మరింత సులభం చేస్తుంది.

4. తనిఖీకి ముందు:

ఇంజను ఆపినంత మాత్రాన హైడ్రాలిక్ యంత్రం ఆగినట్లు కాదు. గాలిలో నిలిచిన బకెట్ బరువు సిలిండరులోని నూనెను నొక్కుతూనే ఉంటుంది. అక్యుములేటర్ అనే పాత్రలో నైట్రోజన్ వాయువు స్ప్రింగులా నూనెను అదిమిపెట్టి ఉంచుతుంది. కనుక ముందుగా యంత్రాన్ని సమతలంపై నిలపాలి. బకెట్, బ్లేడు వంటి వాటన్నిటినీ నేలపై ఆనించాలి. ఇంజను ఆపి, తయారీదారు చెప్పిన విధంగా లివర్లను అన్ని వైపులా కదిపి గొట్టాల్లోని పీడనాన్ని విడుదల చేయాలి. ట్యాంకు మూతను మెల్లగా వదులుచేసి లోపలి గాలిని పోనివ్వాలి. తాళంచెవిని మరమ్మతు చేసే మనిషి తన దగ్గరే ఉంచుకోవాలి. అక్యుములేటరును నైట్రోజన్‌తో మాత్రమే నింపాలి. ఆక్సిజన్ నింపితే నూనెతో కలిసి పేలుతుంది.

ఎత్తిన టిప్పర్ తొట్టి కింద తల పెట్టి పనిచేయవలసి వస్తే సిలిండరును నమ్మకూడదు. ఒక సీలు తెగినా, ఒక గొట్టం పగిలినా, ఎవరైనా చూడకుండా లివరును తాకినా తొట్టి కూలుతుంది. తయారీదారు ఇచ్చిన ఇనుప ఊతాన్ని నిలబెట్టి, తొట్టి ఖాళీగా ఉందని చూసుకొని మాత్రమే కిందికి వెళ్లాలి. ఊతం బరువుగా ఉందనో, తుప్పు పట్టిందనో విప్పి షెడ్డులో పడేసిన వాహనాలు రోడ్లపై తిరుగుతుండటం ఈ రంగంలో అందరికీ తెలిసిన సంగతే. ఊతం అమర్చేవరకు అటువంటి వాహనం కింద పనికి నిరాకరించే హక్కు మెకానిక్కుకు ఉండాలి.

5. ‘లీకు’ - కనిపించేది, కనిపించనిది:

తెలుగులో ద్రవం బయటికి వచ్చే తీరునుబట్టి చెమర్చడం, ఊరడం, కారడం, చిమ్మడం అని వేర్వేరు క్రియలున్నాయి. తనిఖీ నివేదికకు ఇవి ఎంతో ఉపయోగపడే మాటలు. సిలిండరు కడ్డీపై పలుచని నూనె పొర సహజం, సీలుకు అదే కందెన. కడ్డీ చుట్టూ మట్టి తడిసి వలయంగా అంటుకుంటే సీలు చెమర్చడం మొదలైందని గ్రహించాలి. చుక్కలుగా కారితే మరమ్మతుకు తేదీ నిర్ణయించాలి. చిమ్మడం కనిపిస్తే యంత్రాన్ని ఆ క్షణమే ఆపాలి. ‘లీకు ఉంది’ అని రాసిన నివేదిక ఈ నాలుగింటిలో ఏదో చెప్పదు.

చిమ్మే లీకు గురించి విడిగా చెప్పుకోవాలి. గొట్టంలో సూదిమొనంత రంధ్రం పడినప్పుడు నూనె పొగమంచులా వస్తుంది, ఒక్కోసారి కంటికి కనిపించదు. ఎక్కడినుంచి వస్తున్నదో తెలుసుకోవడానికి గొట్టం వెంట చెయ్యి పోనివ్వడం మానవ సహజం. అదే అత్యంత ప్రమాదకరం. సుమారు 7 బార్ల పీడనం వద్దనే ద్రవధార చర్మాన్ని చీల్చగలదు. పనిచేసే యంత్రంలో పీడనం దానికి ఎన్నో రెట్లు. చేతి తొడుగు దానిని ఆపలేదు. వెతకడానికి అట్టముక్కనో, చెక్కముక్కనో కొంత దూరం నుంచి గొట్టం వెంట జరపాలి, కళ్లకు అద్దాలు పెట్టుకోవాలి.

ఈ గాయం స్వభావమే మోసపూరితం. చర్మంపై చిన్న చుక్క, ముల్లు గుచ్చుకున్నట్లు కొద్దిపాటి మంట. తొలి గంటల్లో నొప్పి ఉండకపోవచ్చు. లోపల మాత్రం నూనె కండర పొరల వెంట వేలి నుంచి అరచేతికి, అక్కడి నుంచి ముంజేతికి పాకి కణజాలాన్ని చంపుతుంది. వాపు వచ్చి రక్తప్రసరణ ఆగుతుంది. అధికపీడన ద్రవాలు చేతిలోకి చొచ్చుకుపోయిన కేసులపై 2006లో వెలువడిన ఒక వైద్య సమీక్షలో సుమారు 30 శాతం మందికి ఏదో ఒక భాగాన్ని తొలగించవలసి వచ్చినట్లు తేలింది. శస్త్రచికిత్స ఆరు గంటలు దాటి ఆలస్యమైన కొద్దీ ఆ ముప్పు పెరుగుతుంది. పసుపు అద్ది, గుడ్డ చుట్టి పనిలోకి తిరిగి వెళ్లిన మనిషి మరునాడు ఆసుపత్రికి చేరేసరికి వేలిని కాపాడే సమయం దాటిపోయి ఉండవచ్చు. గాయాన్ని పిండకూడదు. వెంటనే శస్త్రచికిత్స సౌకర్యమున్న ఆసుపత్రికి వెళ్లి, లోపలికి వెళ్లిన ద్రవం పేరు, యంత్రం పీడనం వైద్యుడికి చెప్పాలి. ‘ముల్లు గుచ్చుకుంది’ అని చెప్పితే వైద్యుడు కూడా పొరబడే అవకాశం ఉంది. ‘పీడనంతో నూనె లోపలికి వెళ్లింది’ అన్న వాక్యం ఆ వేలిని నిలబెట్టవచ్చు.

ఇక కనిపించని లీకు. సిలిండరులో ముషలకం సీలును దాటి ఒకవైపు నుంచి మరొకవైపుకు, వాల్వులో స్పూలు పక్క నుంచి, పంపులో అరిగిన ముఖాల మధ్య నుంచి నూనె జారుతుంది. బయట చుక్క పడదు. ఫలితాలు మాత్రం తెలుస్తాయి. పని మందగిస్తుంది, నూనె వేడెక్కుతుంది, ఎత్తిన బరువు తనంతట తాను దిగుతుంది. 250 బార్ల పీడనం దగ్గర నిమిషానికి 10 లీటర్ల నూనె ఏ పనీ చేయకుండా జారిపోతే సుమారు 4 కిలోవాట్ల వేడి పుడుతుంది. నాలుగు ఇస్త్రీపెట్టెలను నూనె ట్యాంకులో ముంచి ఉంచినట్లన్నమాట.

ఎత్తిన బూమ్ దిగిపోతుంటే ‘జాకీ సీలు పోయింది’ అని వెంటనే సిలిండరు విప్పడం పరిపాటి. కొత్త సీళ్లు వేశాక కూడా బూమ్ దిగుతూనే ఉన్న సందర్భాలు అనేకం. కారణం జ్యామితిలో ఉంది. బరువు కడ్డీని సిలిండరులోకి నెట్టుతున్నదనుకుందాం. రెండు వైపుల దారులూ వాల్వు దగ్గర సంపూర్ణంగా మూసి ఉంటే, ముషలకం సీలు పోయినా కడ్డీ పూర్తిగా లోపలికి రాలేదు. కడ్డీ లోపలికి వచ్చినంత మేర అది ఆక్రమించే స్థలంలోని నూనె ఎక్కడికో పోవాలి, పోవడానికి దారి లేదు. పీడనం పెరిగి ఒకచోట నిలుస్తుంది. కాబట్టి బరువు చాలా దూరం దిగుతున్నదంటే వాల్వు నుంచో, బయటికో నూనె పోతున్నదని అర్థం. సీలు లోపం పీడనాన్ని పెంచి వాల్వు లీకును ఎక్కువ చేస్తుంది గనుక రెండూ కలిసి ఉండటమూ సాధ్యమే. బరువు కడ్డీని బయటికి లాగే అమరికలో లెక్క మారుతుంది. అందువల్ల విప్పకముందే పరీక్ష చేయాలి. పీడనాన్ని విడుదల చేసి, ముషలకాన్ని పూర్తిగా ఒక కొసకు తెచ్చి, ఎదురువైపు గొట్టాన్ని విప్పి దాని కొసను మూసి, ఇవతలివైపు పీడనం పెట్టినప్పుడు తెరిచిన రంధ్రం నుంచి నూనె ధారగా వస్తే దోషం సీలుది. రాకపోతే వాల్వును చూడాలి. ఈ పరీక్షకు పట్టే సమయం పెద్ద సిలిండరును విప్పి బిగించే సమయంలో చిన్న భాగమే.

6. మట్టి, గాలి, నీరు:

హైడ్రాలిక్ వైఫల్యాలలో ఎక్కువ భాగానికి నూనెలోని మాలిన్యమే మూలమని ఈ రంగంలో సాధారణ అంగీకారం ఉంది. మామూలు కంటికి సుమారు 40 మైక్రాన్ల కన్నా చిన్న రేణువు కనిపించదు. పంపులో, వాల్వులో కదిలే భాగాల మధ్య ఖాళీ కొన్ని మైక్రాన్ల నుంచి పాతిక మైక్రాన్ల లోపు. ‘నూనె తేటగా ఉంది’ అన్న పరిశీలనకు అందుకే విలువ తక్కువ. కంటికి కనిపించని రేణువే ఆ సందుల్లో దూరి లోహాన్ని గీరుతుంది. గీరినప్పుడు రాలిన పొడి మరిన్ని గీతలకు కారణమవుతుంది.

నూనె పరిశుభ్రతను ఐఎస్ఓ 4406 ప్రమాణం మూడు అంకెలతో చెబుతుంది. 18/16/13 అంటే ఒక మిల్లీలీటరు నూనెలో 4 మైక్రాన్లు, అంతకు మించిన రేణువులు 1300 నుంచి 2500 వరకు, 6 మైక్రాన్లు మించినవి 320 నుంచి 640 వరకు, 14 మైక్రాన్లు మించినవి 40 నుంచి 80 వరకు ఉన్నాయని అర్థం. అంకె ఒకటి పెరిగితే రేణువుల సంఖ్య రెట్టింపు. కొత్త డ్రమ్ములోని నూనె కూడా చాలాసార్లు ఈ స్థాయికి చేరదు. కాబట్టి వడపోత పంపు ద్వారానే ట్యాంకులో పోయడం మేలు. కిరోసిన్ డబ్బా, మూత లేని బకెట్, రోడ్డు పక్క దుమ్ము - ఈ మూడూ కలిసినచోట ఖరీదైన నూనెకు అర్థం లేదు. విప్పిన గొట్టం కొసలకు కాటన్ వేస్ట్ కుక్కడం మరొక అలవాటు. దాని పోగులు నేరుగా వాల్వుల్లోకి చేరతాయి. శుభ్రమైన ప్లాస్టిక్ మూతలు వాడాలి.

పాత ఫిల్టరును పారవేయకముందు కోసి, మడతలు విప్పి చూడటం తక్కువ ఖర్చులో జరిగే గొప్ప పరీక్ష. పసుపుపచ్చని మెరుపు కనిపిస్తే పంపులోని కంచు, ఇత్తడి భాగాలు అరుగుతున్నాయి. అయస్కాంతానికి అంటుకునే పొడి ఉక్కుది. నల్లని మెత్తని తునకలు సీళ్లవో, గొట్టం లోపలి పొరవో కావచ్చు. ఫిల్టరు పూర్తిగా పూడుకుపోతే బైపాస్ వాల్వు తెరుచుకొని నూనె వడపోత లేకుండానే ప్రవహిస్తుంది. యంత్రం ఆగదు గనుక యజమానికి ఏమీ తెలియదు.

‘ఎయిర్ పట్టింది’ అన్న మాట కూడా రెండు భిన్న లోపాలను కలిపేస్తుంది. మొదటిది సక్షన్ గొట్టం బిగింపు వదులై బయటి గాలి చొరబడటం. ట్యాంకులో నురుగు కనిపిస్తుంది, సిలిండరు కుదుపుతో కదులుతుంది. రెండవది పుచ్చురంధ్రీకరణ అనదగిన కేవిటేషన్. పంపుకు నూనె చాలినంత అందనప్పుడు దాని ముఖద్వారంలో పీడనం పడిపోయి బుడగలు పుడతాయి. అవి అధికపీడనం వైపు వెళ్లి పగిలేటప్పుడు లోహం గుంటలు పడుతుంది, పంపు గులకరాళ్లు నమిలినట్లు శబ్దం చేస్తుంది. ఇక్కడ బయటి గాలికి పాత్ర లేదు. మొదటిదానికి బిగింపులు చూడాలి. రెండవదానికి జల్లెడ, నూనె మట్టం, స్నిగ్ధత, ట్యాంకు శ్వాసరంధ్రం చూడాలి.

నీరు చేరిన నూనె మజ్జిగలా మసకబారుతుంది. అనుమానమున్నప్పుడు సుమారు 160 డిగ్రీల వేడి పలకపై రెండు చుక్కలు వేస్తే, నీరున్న నూనె చిటపటలాడుతుంది. ఇది కళ్లద్దాలతో, తగినంత దూరం నుంచి చేయవలసిన పరీక్ష. వానలో ఆరుబయట నిలబెట్టిన డ్రమ్ము మూతపై చేరిన నీరు రాత్రి చల్లదనానికి మరల సందుల్లోంచి లోపలికి లాగబడుతుంది. డ్రమ్ములను పడుకోబెట్టి, మూతలు నూనె మట్టానికి దిగువన ఉండేలా అమర్చడం గోదాముల్లో పాటించే పద్ధతి.

వేడి సంగతి క్లుప్తంగా చెప్పవచ్చు. నూనె 82 డిగ్రీలు దాటి పనిచేస్తూ ఉంటే సీళ్లు గట్టిపడతాయి, నూనె త్వరగా క్షీణిస్తుంది. కూలరు రెక్కల్లోని గడ్డినీ దుమ్మునూ రోజూ తొలగించడం వరికోత యంత్రాల్లో మరింత అవసరం.

7. గొట్టాలు, బిగింపులు:

హోస్ పైపుపై ముద్రించిన వరుసలో దాని తరగతి, పని పీడనం, తయారైన కాలం ఉంటాయి. ఒక పొర తీగ అల్లికకూ, రెండు పొరలకూ, నాలుగు పొరల చుట్టలకూ తట్టుకునే పీడనం వేరు. లోపలి వ్యాసం సరిపోయిందని తక్కువ తరగతి గొట్టాన్ని బిగించడం బాంబును బిగించడమే. ఆ ముద్రణ గీత గొట్టం పొడవునా తిన్నగా కాక మెలికగా కనిపిస్తే బిగించేటప్పుడు గొట్టం మెలిపడిందని అర్థం, దాని ఆయుష్షు బాగా తగ్గుతుంది. బొబ్బ, తెగిన పైపొర, బయటపడిన తీగ, కొస దగ్గర చెమ్మ - వీటిలో ఏది కనిపించినా మార్చవలసిందే. పీడనం ఉండగా కారుతున్న బిగింపును స్పానరుతో బిగించబోవడం పూర్తిగా నిషిద్ధం. నీటి కుళాయిలకు చుట్టే టెఫ్లాన్ టేపును ఇక్కడ చుట్టడం కూడా తప్పే. దాని తునకలు వాల్వుల్లో చిక్కుకుంటాయి.

8. నమోదు:

మరమ్మతు పూర్తయ్యాక నూనె నింపి, ఇంజనును తక్కువ వేగంలో ఉంచి, ఒక్కో సిలిండరును బరువు లేకుండా కొసలకు తాకనీయక పలుమార్లు కదిపి గాలి పోనివ్వాలి. మట్టాన్ని చేతిపుస్తకం చెప్పిన భంగిమలోనే చూడాలి. సిలిండర్లన్నీ చాచినప్పుడూ ముడిచినప్పుడూ ట్యాంకు మట్టం ఒకటిగా ఉండదు. తీసిన పాత నూనె 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నియమాల పరిధిలోకి వస్తుంది. దానిని అనుమతి పొందిన శుద్ధి సంస్థలకు అప్పగించాలి. కాలువలో వదలడం, చెదల మందుగా దూలాలకు పూయడం తగదు.

తెలుగు అకాడమి 1968 నుంచి పాఠ్యగ్రంథాల కోసం పారిభాషిక పదాలను రూపొందించింది. పీడనం, స్నిగ్ధత వంటివి తరగతి గదిలో స్థిరపడ్డాయి. షెడ్డులోకి మాత్రం అవి రాలేదు. షెడ్డులోని ‘చెమర్చడం’, ‘దిగిపోవడం’ తరగతి గదిలోకి రాలేదు. ఈ రెంటినీ ఒకే పుటపైకి తెచ్చే తొలి ప్రయత్నం పెద్ద నిఘంటువుతోనే మొదలుకానక్కరలేదు. ప్రతి యంత్రానికీ ఉండవలసిన నమోదు పుస్తకంతో మొదలుకావచ్చు. అందులో ‘సర్వీసింగ్ చేశాము’ అన్న వాక్యం బదులు, గంటల మీటరు అంకె, నూనె పేరు, తరగతి, పోసిన లీటర్లు, ఏ సిలిండరు దగ్గర చెమర్చింది, పది నిమిషాల్లో బూమ్ ఎన్ని సెంటీమీటర్లు దిగింది, కోసిన ఫిల్టరులో ఏ రంగు పొడి కనిపించింది అన్నవి తేదీతో ఉండాలి. నూనె ప్రతి వారం రెండు లీటర్లు తగ్గుతూ, నేలపై చుక్క కనిపించని యంత్రం ఒకటి ఉందనుకుంటే, ఆ రెండు లీటర్లు గేరుపెట్టెలోకో, ఇంజను నూనెలోకో పంపు ఇరుసు సీలును దాటి పోతున్నాయని అనుమానించడానికి ఆధారం ఆ అంకెల వరుస ఒక్కటే.